మట్టి కాని చక్కెర

చాంద్ పాషా గద్వాల దవాఖానలో మంచం మీద, షాహెదా వీపనగండ్ల బస్సులో కిటికీ పక్కన. పోయిన వారం వాళ్ళిద్దరినీ అలా వదిలి వచ్చాం.

అయిజలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే చాంద్ పాషా, రంజాన్ రోజాలో ఉండగా, ఇఫ్తార్‌కు కాస్త ముందు కూర్చున్న చోటే ఒరిగిపోయాడు. గద్వాలలో గ్లూకోజు ఎక్కించగానే లేచాడు. భార్యను గుర్తుపట్టాడు, కూతురు ఫిర్దోస్ తినిపించిన ఇడ్లీ తిన్నాడు, షాపు తాళం ఎవరి దగ్గరుందని అడిగాడు. గండం గడిచిందనుకునే లోపల మళ్ళీ పడిపోయాడు. మళ్ళీ ఎక్కించారు, మళ్ళీ లేచాడు, మళ్ళీ పడ్డాడు. ఏళ్ళ తరబడి ఒంట్లో చక్కెర ఎక్కువై బాధపడిన మనిషికి ఇప్పుడు ఎంత పోసినా చక్కెర నిలవడం లేదు.

డాక్టర్ తేజస్విని షాహెదాను వరండాలోకి పిలిచి, ఆయన ఇంకేం మందు వాడుతున్నాడని అడిగింది.

"మందేం లేదమ్మా. ఆకు పొడి పొట్లం."

"ఆకు ఇంత పని చెయ్యదు. ఆ పొట్లంలో ఇంకేదో కలిసింది. అదేందో తెలిస్తే దానికి తగ్గ సూది పెద్ద దవాఖాన నుంచి తెప్పిస్తా. పొడిని పరీక్షకు పంపితే జవాబు వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఆయన కిడ్నీలు ముందే అంతంత మాత్రం. తయారుచేసినవాళ్ళ నోటినుంచి పేరు రాబట్టుకొస్తారా?"

అందుకే షాహెదా బస్సెక్కింది. ఆమె వెళ్తున్నది పరాయి ఊరికి కాదు, పుట్టింటికి. ఆ పొట్లం ఇచ్చిన బాలన్న ఆమె చిన్నప్పటినుంచీ అన్నా అని పిలిచే మనిషి. చాంద్ పాషాను చెయ్యి పట్టుకుని ఆయన వాకిట్లోకి తీసుకెళ్ళింది కూడా ఆమే.

బస్సు కృష్ణ మీది వంతెన దాటి పెబ్బేరు వైపు తిరిగింది. ఎండకు కిటికీ ఊచలు కాలుతున్నాయి. షాహెదా ఒళ్ళో సంచి, సంచిలో సగం వాడిన పొట్లం. పొట్లం మీద తలపాగాతో నవ్వుతున్న బాలన్న బొమ్మ. ఆ నవ్వును ఆమె బొటనవేలితో మూసేసింది.

నిజానికి వాళ్ళు తూచుకోకుండా నిర్ణయించుకున్నదేమీ లేదు. డాక్టరు రాసిన గోలీ తింటే చాంద్ పాషాకు కడుపు గడబిడ. రైతు తెచ్చిన మోటారు విప్పి మధ్యలో వదిలేసి పరుగెత్తాల్సి వచ్చేది. సూది మొదలుపెడదామంటే ఆయన ముఖం మాడిపోయేది. కాకర రసం తాగాడు. నానబెట్టిన మెంతులు నమిలాడు. ఎవరో ఇన్సులిన్ మొక్క అని కుండీ ఇస్తే దాని ఆకులన్నీ మేకలా మేసేశాడు. ఆఖరికి షాహెదానే అంది: "మా ఊర్ల బాలన్న ఉన్నడు. పొడపత్రి ఇస్తడు. ఒక్కసారి చూద్దాం రా."

ఆ రోజు బాలన్న ఆయన నోట్లో ఆకు పెట్టి నమిలించాడు. కాసేపాగి చిటికెడు చక్కెర వేశాడు. పొడపత్రి నమిలిన నాలుకకు తీపి తెలియదు. చాంద్ పాషా చిన్నపిల్లాడిలా కళ్ళు పెద్దవి చేశాడు. "షాహెదా, చక్కెర మట్టయింది!" అని గట్టిగా నవ్వాడు. నాలుక మీద చక్కెరను మట్టి చేసిన ఆకు, నెత్తుట్లో చక్కెరను మాత్రం ఎందుకు చెయ్యదు? ఇద్దరూ అలాగే అనుకున్నారు. ఆ వాకిట్లో కూర్చున్నవాళ్ళంతా అలాగే అనుకుంటారు.

రంజాన్ రాగానే ఆయన గోలీలు పక్కన పెట్టేశాడు. "గోలీకి బువ్వతోని నిఖా అయ్యింది. బువ్వ లేని దినం అదెందుకు? ఆకుకు గట్లాంటి పంచాది లేదు" అన్నాడు. తెల్లవారకముందే సెహరీ తినడానికి లేచి పొడి మాత్రం రెండింతలు వేసుకునేవాడు, గోలీ వాటా కూడా దానిదేనన్నట్టు. షాహెదానే నీళ్ళలో కలిపి ఇచ్చింది.

అదంతా ఒక ఎత్తు. ఆ సాయంత్రం ఇంకో ఎత్తు.

ఆయన చొక్కా చెమటకు ఒంటికి అతుక్కుపోయింది. చేతులు వణికాయి. మాట ముద్దగా వచ్చింది. ముందు పళ్ళెంలో ఖర్జూరాలున్నాయి, పక్కన షర్బత్ ఉంది. షాహెదా గ్లాసు చేతిలోకి తీసుకుంది. "అజాన్ కానీ" అన్నాడాయన. జబ్బు మనిషి రోజా విడిస్తే తప్పు లేదని ఆమెకు తెలుసు. పక్కింటి ముసలమ్మకు ఆయనే ఆ మాట నచ్చజెప్పాడు. అయినా ఆమె గ్లాసు కింద పెట్టింది. ఇంకెంతసేపు, ఇప్పుడే అవుతుంది కదా అనుకుంది. కొంగుతో ఆయన నుదురు తుడుస్తూ కూర్చుంది. అజాన్ అయ్యేసరికి ఆయన నోరు ఖర్జూరాన్ని పట్టలేకపోయింది.

బస్సు వీపనగండ్లలో ఆగింది. షాహెదా కొంగు తలమీదికి లాక్కుని దిగింది.

* * *

శనివారం బాలన్న మందిచ్చే రోజు. వాకిట్లో ఒక పక్క మిరపకాయలు ఎండుతున్నాయి, ఇంకో పక్క వేపచెట్టు నీడలో జనం కూర్చున్నారు. అరుగు మీద బాలన్న. ముందు తడిబట్ట కప్పిన ఆకుల మోపు, స్టీలు గిన్నెలో చక్కెర. ఆయన వెనక తలుపు దగ్గరగా వేసి ఉంది. పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కొడుకు రంజిత్, కాళ్ళ దగ్గర పొట్లాల పెట్టె. వనపర్తిలో మందుల షాపులో పనిచేసిన మనిషి. బాలన్నకు చేతులు వణకడం మొదలయ్యాక నూరే పని తన మీద వేసుకున్నాడు. రోలు పోయి మిషను వచ్చింది, కాగితం పోయి ప్లాస్టిక్ పొట్లం వచ్చింది, దానిమీద తండ్రి బొమ్మ వచ్చింది.

ఒక్క ఆచారం మాత్రం మారలేదు. ఆకు నమలాలి, చక్కెర వేసుకోవాలి, మట్టయిందని నలుగురూ వినేలా చెప్పాలి. ఆ తర్వాతే పొట్లం.

"ఏమైంది తిమ్మక్కా?" అన్నాడు బాలన్న, ముందున్న లావుపాటి ఆడమనిషిని.

"ఏమైతది? మట్టే." తిమ్మమ్మ నోరు తుడుచుకుంది. "ఇంట్ల కోడలు చాయల చక్కెర ఎయ్యదు. గీడికొస్తే నువ్వు చక్కెర పెడ్తవు గాని మట్టి జేసి పెడ్తవు. నా రాత గట్లున్నది."

జనం నవ్వారు. నవ్వుతూనే వెనక్కి తిరిగిన తిమ్మమ్మ షాహెదాను చూసింది. "ఓ, పాషా పెండ్లాం గదా! మొగడు దవాఖానల పడ్డడంట. జర్ర జరగుండ్రి, ఆమెను ముందుకు పోనియ్యుండ్రి."

"వద్దక్కా. వరుసల్నే వస్త" అంది షాహెదా.

కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియదు. నేరుగా వెళ్ళి అరుగు మీద పొట్లం విసిరి కొట్టాలనే దారంతా అనుకుంది. కానీ బాలన్న ముసలి చెయ్యి ఒక్కొక్కరి నాలుక మీద ఆకు పెడుతున్న తీరు చూస్తే, అది మోసం చేసే చెయ్యిలా లేదు. ఆమె చిన్నప్పుడు తేలు కుట్టినప్పుడు పసరు పోసిన చెయ్యి అది.

ఆమె వంతు వచ్చింది.

"రా చెల్లె" అన్నాడు బాలన్న. గొంతు తగ్గించాడు. "బావ ఎట్లున్నడు? నేనే వద్దామనుకున్న. మీ వదిన నర్సికి ఇయ్యాల ఒక్కపొద్దు, పానం బాగలేదని పొద్దుగాలనుంచి లోపట ఒరిగింది. దాన్ని ఇడిసిపెట్టి యాడికి పోను?"

"అట్లనే ఉన్నడన్నా. లేస్తుండు, పడ్తుండు."

"రోజాలకు ఒళ్ళు తట్టుకోలే. వయసైంది గదా."

"అన్నా, ఆ పొడిల ఏముంది?"

బాలన్న ఆమెను చూశాడు. "ఏముంటది? పొడపత్రి. నేరేడు గింజ. ఇంత మెంతి. నీకు తెల్వందా?"

"ఇంకేం లేదా?"

"నా మీద అనుమానమా చెల్లె?"

"నీ మీద కాదన్నా. దీని మీద." సంచిలోంచి పొట్లం తీసి అరుగు మీద పెట్టింది. "డాక్టరమ్మ అడుగుతుంది. ఆకుకు మనిషి ఇట్ల పడడంటుంది. పేరు తెలిస్తే సూది తెప్పిస్తనంటుంది. పేరు తెల్వకుంటే నా మొగడు నాకు దక్కడు. గందుకొచ్చిన."

కుర్చీలోంచి రంజిత్ అన్నాడు: "డాక్టర్లు గట్లనే అంటరత్తా. ఆకంటే వాళ్ళకు గిట్టదు. మామకు నీళ్ళు తక్కువైనయేమో. ఎండలు చూడు ఎట్లున్నయో."

షాహెదా బాలన్న ముందు కూర్చుని అంది: "నాకు పరీక్ష పెట్టన్నా."

"నీకెందుకమ్మా? నీకు షుగర్ లేదు గదా."

"పెట్టు."

బాలన్న అయోమయంగా తడిబట్ట ఎత్తి ఆకు తీశాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఆకు కాదు. పొడి. గీ పొట్లంలది. ఆకు నమిలితే చక్కెర మట్టయితదంటవు గదా. పొడిల ఉన్నది గా ఆకే అయితే, పొడి తిన్నా చక్కెర మట్టి కావాలె. అవునా కాదా?"

బాలన్న చేతిలోని ఆకును చూశాడు. ఇన్నేళ్ళలో ఆయన అందరి నోట్లో ఆకే పెట్టాడు. పొడి పెట్టి చూడాలని ఎవరికీ తోచలేదు, ఆయనకు అసలే తోచలేదు. పరీక్ష ఆకుకు, నమ్మకం పొట్లానికి.

రంజిత్ కుర్చీలోంచి లేచాడు. "అత్తా, నువ్వు రోజాల ఉన్నవ్ గదా. నోట్ల ఏం పెట్టుకోవద్దు. పాపం తగుల్తది."

షాహెదా అప్పుడు అతని వైపు తిరిగింది. ఎత్తుకుని తిప్పిన పిల్లవాడు. తన రోజా మీద అతనికి ఇంత పట్టింపు ఎందుకో, ఆ ముఖం చూడగానే ఆమెకు సగం తెలిసిపోయింది.

"మొన్న ఇడవాల్సిన రోజా రంజిత్. ఇయ్యాల ఇడుస్తున్న" అంది.

పొట్లం విప్పి చెంచాడు పొడి నాలుక మీద వేసుకుంది. పచ్చి వాసన, ఎండిన మునగాకు రుచి. దానికింద ఇంకేదో చేదు, సుద్దలాంటి చేదు. ఆచారం ప్రకారం నాలుకంతా తిప్పి కాసేపు ఆగింది. జనం మెడలు సాచి చూస్తున్నారు. ఎండుమిర్చి మీదినుంచి ఘాటుగా గాలి వీచింది. ఆమె గిన్నెలోకి చెయ్యి పెట్టి చిటికెడు చక్కెర తీసుకుంది.

మట్టి కావాలి అల్లా, అనుకుంది. నా మాట తప్పు కావాలి.

చక్కెర తియ్యగా ఉంది. తెల్లవారుజామునుంచి ఎండిన నోటికి ఆ తీపి ఎంత బాగుందంటే, ఆమెకు తనమీద తనకే అసహ్యమేసింది. ఇదే తీపి చాంద్ పాషా ముందు గ్లాసులో ఉంది. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది.

"తియ్యగుందన్నా" అంది.

"రోజాకు నాలుక ఎండిందేమో తల్లీ" అంది తిమ్మమ్మ వెనకనుంచి, కానీ ఆమె గొంతులో హాస్యం లేదు.

బాలన్న పొట్లంలోంచి పొడి తీసి తన నోట్లో వేసుకున్నాడు. కళ్ళు మూసుకుని ఆగాడు. చక్కెర వేసుకున్నాడు. దవడ ఒకసారి కదిలి ఆగిపోయింది. మళ్ళీ ఇంకో చిటికెడు వేసుకున్నాడు, మొదటిది అబద్ధం చెప్పిందేమోనన్నట్టు. కళ్ళు తెరిచినప్పుడు అవి నిండి ఉన్నాయి.

"ఏం కలిపినవురా?" అన్నాడు, కొడుకు వైపు చూడకుండానే.

"నాయ్నా, లోపటికి పోయి మాట్లాడుదాం."

"లోపట మీ అమ్మ పండుకుంది. గీడ్నే చెప్పు. గీళ్ళందరు తిన్నరు గదా, ఇననియ్యి."

రంజిత్ జనాన్ని చూశాడు, పొట్లాల పెట్టెను చూశాడు. పారిపోవడానికి దారి వెతికే చూపు కాదది. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియని చూపు.

"ఆకు యాడ దొరుకుతుంది నాయ్నా? నల్లమలనుంచి తెచ్చేటోళ్ళు తెచ్చే ఆకు నీ పరీక్షకే సరిపోతలేదు. మునగాకు కలిపిన. గాపాటికే జనం తిరిగొస్తుండ్రు, తగ్గలే తగ్గలే అనుకుంట."

"నేను నూరినప్పుడు రాలే."

"నువ్వు నూరినప్పుడు వాళ్ళ ఇండ్లల్ల మీటర్లు లేవు." రంజిత్ గొంతు పెరిగి, మళ్ళీ పడిపోయింది. "నువ్వు నాలుకతోని చూపిచ్చినవు నాయ్నా. వాళ్ళిప్పుడు వేలు పొడుసుకొని మీటరుతోని చూస్తుండ్రు. నీ ఆకు నాలుక మీద తీపిని సంపుతది. నెత్తుర్ల చక్కెరను ఎంత దించుతదో నీకు తెల్వదు, నాకు తెల్వదు. కొంచెం దించుతదేమో. జనానికి కొంచెం సాలదు. బాలన్న మందు పనిచేస్తలేదని బజార్ల అంటుంటే ఇనలేకపోయిన."

"ఇనలేక?"

"గోలీ నూరి కలిపిన." ఆ మాట చాలా మెల్లగా వచ్చింది. "విషం కాదు నాయ్నా. షుగర్ గోలీనే. డాక్టర్లు రాసిచ్చేదే. గోలీ అంటే జనం మింగరు, ఆకంటే మింగుతరు. గోలీనే ఆకుల పెట్టి ఇచ్చిన. మేలే చేస్తున్ననుకున్న."

"పేరు" అంది షాహెదా. అప్పటికే ఫోన్ తీసి ఫిర్దోస్ నంబరు నొక్కింది. "ఫిర్దోస్, డాక్టరమ్మకు ఇయ్యి. ఉరుకు." ఫోన్ రంజిత్ చెవి దగ్గర పెట్టింది. "నా నోటికి తిరగదు. నువ్వే చెప్పు."

రంజిత్ చెప్పాడు. "గ్లిబెన్‌క్లమైడ్, మేడం."

స్పీకరు నొక్కితే తేజస్విని గొంతు వాకిలంతా వినిపించింది. "నేను అనుకున్నదే. కిడ్నీ సరిగ్గా లేనివాళ్ళలో అది తొందరగా దిగదు. చెంచాకు ఎంత పడుతుంది?"

రంజిత్ పెదవులు తడుపుకున్నాడు.

"చెప్పవయ్యా. ఎంత?"

"తూకమేం లేదు మేడం. చేతి అందాజు."

బాలన్న తల ఎత్తాడు. అంతవరకూ లేని కోపం అప్పుడొచ్చింది. "అందాజా? నేరేడు గింజ ఇంత ఎక్కువైతే మనిషికి మలబద్ధకమైతదని తక్కెట్ల తూసి ఏసినరా నేను. గోలీని అందాజున ఏసినవా నువ్వు?"

ఫోన్లో తేజస్విని ఆగలేదు. "సరే, పేరు తెలిసింది, అది చాలు. సూది ఇప్పుడే కర్నూలునుంచి బయల్దేరదీస్తా. వచ్చేదాకా గ్లూకోజు ఆపం. షాహెదమ్మా, ఆశ ఉంది. వింటున్నారా? ఇంకో మాట. అక్కడ ఆ పొడి తిన్నవాళ్ళల్లో పరగడుపున ఉన్నవాళ్ళెవరైనా ఉంటే వెంటనే తిననియ్యండి. చెమట, వణుకు, మాట తడబడటం కనిపిస్తే చక్కెర నీళ్ళు తాగించండి. స్పృహ తప్పితే మాత్రం నీళ్ళు పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చెంప లోపల చక్కెర పామి, 108ను పిలవండి."

ఆశ ఉంది. ఫోన్ పెట్టేశాక షాహెదాకు ఆ రెండు మాటలే చెవిలో నిలిచాయి. అరుగు అంచు పట్టుకుంది. వాకిట్లో కలకలం మొదలైంది. తిమ్మమ్మ తన చేతిలోని కొత్త పొట్లాన్ని మిరపకాయల మీదికి విసిరేసి, "రొట్టె సంచిల్నే ఉంది, తింటనే ఉంట" అంటూ నేల మీద కూలబడింది. ఒకరిద్దరు రంజిత్ మీదికి లేచారు. ఇంకొకరు వాళ్ళను పట్టి ఆపారు.

బాలన్న మాత్రం కదలడం లేదు. డాక్టరమ్మ మాటల్లో ఒక్కటే ఆయన దగ్గర ఆగిపోయింది.

"పరగడుపున" అన్నాడు తనలో తను. తర్వాత కొడుకుతో అన్నాడు: "రంజిత్, మీ అమ్మ."

"అమ్మకేంది? అమ్మ షుగర్‌కు పొట్లం తినదు గదా నాయ్నా. నువ్వు చేత్తో నూరిన పొడే గదా, జాడీలది. గందుకే నేను..." రంజిత్ మధ్యలో ఆగాడు.

"జాడీ ఎప్పుడో అయిపోయిందిరా. మళ్ళ నూరి ఇస్తనంటే వద్దన్నది. నా కొడుకు చేసింది ఉండంగ నీ వణికే చేతులతోని ఎందుకన్నది." బాలన్న అరుగు మీదినుంచి లేచాడు. "పొద్దుగాల నా కండ్ల ముందరనే నీళ్ళల్ల కలుపుకొని తాగింది. ఒక్కపొద్దుకు గోలీ పనికిరాదు, ఆకైతే తప్పు లేదన్నది."

షాహెదా వెనక్కి తిరిగి తలుపు వైపు చూసింది. ఇంత అరుపులో, ఇంత గొడవలో ఆ తలుపు వెనకనుంచి ఒక్క దగ్గు కూడా వినిపించలేదన్న సంగతి అప్పుడు తట్టింది.

రంజిత్ అప్పటికే తలుపు నెట్టాడు.

గదిలో చీకటి. కళ్ళు అలవాటు పడ్డాక నులక మంచం కనిపించింది. నర్సమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. వీపు మీద రవిక చెమటకు తడిసి అతుక్కుపోయింది. ఆ తడి షాహెదాకు తెలుసు. మొన్న కొంగుతో తుడిచిన తడి అది.

"అమ్మా!" రంజిత్ భుజం పట్టి ఊపాడు. నర్సమ్మ కనురెప్పలు అదిరాయి, తెరుచుకోలేదు. పెదవులు ముద్దగా ఏదో అన్నాయి. అతను వంగి విన్నాడు.

"ఏమంటుంది?" అన్నాడు బాలన్న.

"పొద్దు గూకలే అంటుంది."

షాహెదా వెనక్కి ఉరికి అరుగు మీది చక్కెర గిన్నె తెచ్చింది. బాలన్న మంచం పక్కన నిలబడి భార్య తల నిమురుతున్నాడు. ఏం చెయ్యాలో తోచని ముసలి చెయ్యి. "దానికి నేమం ఎక్కువ చెల్లె" అన్నాడు. "పెండ్లైన కాడికెంచి ఒక్క శనివారం తప్పలే. మధ్యల ఇడిపిస్తే లేసినంక నన్ను బతకనియ్యదు. జర్రసేపు చూద్దామా? పొద్దు వాలనే వాలింది."

షాహెదా గిన్నె పట్టుకుని అతని ముఖంలోకి చూసింది. అరవలేదు.

"అన్నా, నేను గిట్లనే ఆగిన" అంది.

బాలన్న పక్కకు జరిగాడు.

"108కు చెయ్యండి!" అని ఆమె వాకిలి వైపు కేక వేసింది. తిమ్మమ్మ గొంతు అప్పటికే ఎవరికో ఊరి పేరు చెబుతోంది. షాహెదా ఫోన్ మంచం మీద పడేసి, నర్సమ్మను పక్కకు తిప్పింది. వేళ్ళు తడిపి, చక్కెర అద్ది, చెంప లోపల పామింది. పళ్ళు బిగుసుకుని ఉన్నాయి. వేలు దూర్చి మళ్ళీ పామింది. చక్కెర కరిగి వేళ్ళ మీదుగా మణికట్టు దాకా కారుతోంది. వదినా, చప్పరించు వదినా, అని గొణుగుతూనే ఉంది. నర్సమ్మ వదినా, చాంద్ పాషానా, తను ఎవరిని బతిమాలుతోందో ఆమెకే తెలియలేదు.

నర్సమ్మ గొంతు ఒకసారి కదిలింది. గుటక వేసిందో, చివరి ఊపిరో చీకట్లో తెలియలేదు.

మంచం మీద ఫోన్ మోగింది.

వెలుగుతున్న అద్దం మీద ఫిర్దోస్ పేరు. షాహెదా రెండు చేతులూ చక్కెరతో నిండి ఉన్నాయి, ఒక వేలు నర్సమ్మ పళ్ళ మధ్య ఉంది. దాన్ని తీస్తే మళ్ళీ దూరుతుందో లేదో. ఫోన్ మోగుతూనే ఉంది.

"ఎత్తు" అంది రంజిత్‌తో.

రంజిత్ ఎత్తాడు. "అత్త కాదు ఫిర్దోస్, నేను" అన్నాడు. వింటున్నాడు. అతని చూపు మెల్లగా తల్లి ముఖం మీదినుంచి షాహెదా ముఖం మీదికి వచ్చి, అక్కడే నిలిచిపోయింది.